పై గీత దాటిన నూనె

కొమురెల్లి నలభై ఏండ్లు లారీ నడిపి దిగినవాడు. స్టీరింగు వదిలి ఆరేండ్లు గడిచినా, ఎనుమాముల మార్కెట్ వెనుక గేటు ఎదుట పూలమ్మ చాయ్ బండి దగ్గరి బల్ల మీద ఎడమ కొసన ఆయన చోటు ఆయనదే. డ్రైవర్లు తన చాయ్ కోసమే అక్కడ ఆగుతారని పూలమ్మ అంటుంది. అది పూర్తిగా నిజం కాదు, కొమురెల్లి కథల కోసమూ ఆగుతారు.

ఆ ఉదయం మహిపాల్ మాత్రం సలహా కోసం వచ్చాడు. అతనికున్నది ఒక్క లారీ, అదీ రెండవది. మొదటిది ఇంజన్ పట్టేసి పాత ఇనుము కింద తూకానికి పోయింది. ఆ దెబ్బ నుంచి లేచి నిలబడడానికి అతనికి మూడేండ్లు పట్టింది. ఇప్పుడు గేటు లోపల కొత్త లారీలోకి మిర్చి బస్తాలు ఎక్కుతున్నాయి. మధ్యాహ్నానికి నాగపూర్ దారి పట్టాలి. ఇంజన్ నూనె మార్చే గడువు దాటిపోయింది. మార్చి వెళ్లాలా, వెళ్లి వచ్చి మార్చాలా అన్నది తేలలేదు. పొద్దున నూనె మట్టం చూపే గేజు కడ్డీని లాగి చూస్తే నూనె తరగలేదు సరికదా, పై గీతను వేలెడు దాటి ఉంది. ఆ సంగతి అతనికి ధైర్యమిచ్చింది. అయినా పెద్దవాడి నోట ఒక మాట వినాలనుకున్నాడు.

"కాకా, ఇప్పుడు నా బండిల ఉన్నది డ్రమ్ము నూనె, ఇడిగ కొన్నది. గదే నడుస్తదా, ముద్రున్న డబ్బానే కొనాల్నా?"

కొమురెల్లి గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెడితే ఏం జరగబోతుందో తెలిసిన పూలమ్మ పొయ్యి మంట తగ్గించింది.

"నూనె సంగతి నన్ను అడిగినవ్, మంచిగ చేసినవ్ బిడ్డా. ఒక్క చుక్క బొటనవేలు మీద ఏసి రుద్ది వాసన చూసిన్నంటే, దాంట్ల ఏం కలిసిందో, అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్త. గొప్పలు గాదు, ఉన్నమాట."

"మా ఇంట్ల పల్లి నూనె తెస్త, దాంట్ల ఏం కలిసిందో చెప్పన్నా," అంది పూలమ్మ.

"నువ్వు చాయ్ చూస్కో చెల్లె. ఇను బిడ్డా. డబ్బా మీద గుండ్రటి ముద్ర ఉంటది, దాంట్ల అక్షరాలు, అంకె. నీ బండితోని ఇచ్చిన బుక్కుల ఏది రాసి ఉంటదో డబ్బా మీద గదే ఉండాలె. నీది కొత్త రకం బండి, పొగగొట్టంల మసి పట్టే జాలీ ఉంటది, దానికి సీకే ఫోర్ అని ముద్రున్న నూనెనే పొయ్యాలె. ఏది పడితే అది పోస్తే బూడిదతోని ఆ జాలీ మూసుకపోతది. ఆ ముద్ర ఊకెనే ఇయ్యరు. నూనెను కాల్చి, చల్లార్చి, ఇంజన్ల ఉరికిచ్చి, అప్పుడు గూడ చెడకపోతే ఇస్తరు. నేనెట్ల చెప్తాన? కండ్లార చూసిన గనుక చెప్తాన."

బండి అమ్మిననాడు కంపెనీ మనిషి కూడా మహిపాల్‌కు ఇదే చెప్పాడు. కాని కంపెనీ మనిషి చేతులకు నూనె మరకలు లేవు.

"ఒకపారి ఇట్లనే మిర్చి లోడు, నాగపూర్. ఎండలు మండుతానయ్. ముద్ర నూనె పదిహేను లీటర్లు నా చేత్తోని పోసి తాళం తిప్పిన. చప్పుడు లేదు! దిగి పోయి ఇంజన్ మీద చెయ్యి పెడితే నడుస్తాంది. బండి స్టార్ట్ అయితలేదనుకొని హమాలీలు ఎనకనుంచి తోసుడు షురూ జేసిండ్లు. ఆగుండ్రి అని నేను ఒర్రుడు, వాళ్లు తోసుడు. అట్ల మంచిర్యాల దాటినంక చాయ్‌కు ఆపి ఇంజన్ మూత లేపిన. లోపల ఏముందో చెప్పు?"

"ఏముంది కాకా?"

"పిట్ట గూడు! ఇంజన్ చల్లగున్నది, చప్పుడు లేదు, పిట్ట దాన్ని చెట్టనుకున్నది. రెండు గుడ్లు పెట్టింది. నేనేం జేస్త? పాపమని మెల్లగ మూసిన. నాగపూర్ల లోడు దించేటాల్లకు రెండు పిల్లలు నోర్లు తెరిచి నన్నే చూస్తానయ్."

"ఒక్క రోజుల గుడ్లు పిల్లలయినయా అన్నా?"

"తొవ్వల ట్రాఫిక్ జామ్ ఉండె చెల్లె."

బల్ల మీది వాళ్లంతా నవ్వారు. మహిపాల్ కూడా నవ్వాడు. అవి కోతలని అతనికి తెలియనిది కాదు. కాని చెబుతున్నంతసేపు కొమురెల్లి కుడి చెయ్యి గాలిలో గేర్లు మారుస్తూనే ఉంది, ఎత్తు వచ్చినచోట తగ్గించి, పల్లం వచ్చినచోట పట్టి. మాటల్లో ఎంత కల్పన ఉన్నా ఆ చేతిలో లేదు. తానెన్నడైనా అట్లా నడపగలడా అనుకున్నాడు మహిపాల్.

"ఇంకా అసలుది చెప్పనే లేదు. మర్లి వచ్చేటప్పుడు చెక్‌పోస్టు కాడ తాళం తీసి జేబుల ఏసుకున్న. తాళం జేబుల ఉన్నది, ఇంజన్ నడుస్తనే ఉన్నది! లోపల రాపిడి ఉంటే గదా అది ఆగేది! మూడు రోజులు ఆగలే. ఊకెనే తిరుగుడెందుకని ఇంటికి తెచ్చి, ఎనుక చక్రానికి పట్టా తగిలిచ్చి పిండి గిర్నికి కట్టిన. వాడకట్టు మొత్తం జొన్నలు, పసుపు, కారం పట్టిచ్చుకున్నరు. కరెంటు పోయినా మా గిర్ని ఆగలే!"

"అవ్ గదా, ఆ ఏడు నా కారంపొడికి డీజిల్ వాసన ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది," అంది పూలమ్మ.

కొమురెల్లి ఆమె మాటను వినిపించుకోలేదు. గొంతు తగ్గించాడు. అందరూ ముందుకు వంగారు.

"ఇగ నూనె మార్చే దినం వచ్చింది. గేజు లాగిన. నూనె పై గీత దాటి నిలబడ్డది! ప్లగ్గు ఇప్పి డబ్బాలల్ల పట్టిన. పోసింది పదిహేను, ఎల్లింది పదిహేడు. రెండు లీటర్లు పెరిగింది! ముద్ర నూనె అంటే గది బిడ్డా. తరుగుడు కాదు, పెరుగుతది."

మహిపాల్ గుండె ఉప్పొంగింది. ముద్ర నూనెకు మాత్రమే దక్కిన ఘనత తన డ్రమ్ము నూనెకూ దక్కిందని లేచి నిలబడ్డాడు.

"కాకా, నా బండిల గూడ పెరిగింది! పొద్దుగాలనే చూసిన, పై గీత మీద ఏలెడు ఉన్నది. గంత మంచి నూనెను ఎందుకు పారబోసుడు? పోయొచ్చినంక మారుస్త."

జేబులోంచి తాళం తీశాడు. గేటు వైపు కదిలాడు.

"ఆగు బిడ్డా," అంది పూలమ్మ, గరిటె పట్టుకొనే. "కొమురెల్లన్నా, నాకు ఇంజన్ తెల్వది. పాలు తెలుసు. పాలాయన పది లీటర్ల పాలు పన్నెండయినయని తెస్తే నేను మురుస్తనా? నీళ్లు ఎన్ని కలిపినవని అడుగుత. నూనేమన్న బర్రెనా, ఈనుటానికి? నీ ఇంజన్లకు ఆ రెండు లీటర్లు యాడికెల్లి వచ్చినయ్?"

బల్ల ఘొల్లుమంది. కొమురెల్లి నవ్వలేదు. చల్లారిన చాయ్ గ్లాసును పక్కకు జరిపాడు.

"డీజిల్," అన్నాడు.

నవ్వు ఆగిపోయింది.

"ఇంజెక్టర్ కారి డీజిల్ నూనెల దిగింది. నూనె నీళ్లోలె పలసబడ్డది. నేను గీత చూసి మీసం దువ్విన. మర్నాడు మరిపెడ దాటలే, ఇంజన్ పట్టేసింది. పదిహేడు లీటర్లు ఎల్లినమాట నిజమే. ఎప్పుడు? మెకానిక్ యాకయ్య షెడ్డుకు గుంజుకపోయి ప్లగ్గు ఇప్పినంక."

"మరి పిట్ట?" అన్నారెవరో మెల్లగా.

"పిట్ట లేదు, గిర్ని లేదు. ఆ రెండు లీటర్లే నిజం."

మహిపాల్ తాళాన్ని మళ్లీ జేబులో వేసుకున్నాడు. "గీ ముచ్చట ముందుగాల చెప్పకపోతివి కాకా!"

"ఆరేండ్ల సంది చెప్తనే ఉన్న బిడ్డా. గీడ ఆపి అడిగినోడు ఒక్కడు లేడు."

ఆయన లేచి గేటులోకి నడిచాడు. వెనుక మహిపాల్, ఆ వెనుక పొయ్యి ఆర్పి పూలమ్మ. గేజు లాగి, ఒక్క చుక్క బొటనవేలి మీద వేసుకొని, కండ్లు మూసి రుద్ది వాసన చూశాడు కొమురెల్లి. ఆ కాసేపూ ఆయన ముఖంలో కోతలరాయుడు లేడు.

"డీజిల్ దిగింది. ముందు యాకయ్యను పిలిచి ఇంజెక్టర్ చూపియ్యి. ఇది మొత్తం దించి, ముద్ర నూనె పొయ్యి. ఇంజెక్టర్ కారుతాంటే ముద్ర నూనె గూడ నిలువది, ఇంజెక్టర్ మంచిగున్నా డ్రమ్ము నూనె పనికిరాదు. నాగపూర్ రేపు గూడ గాడనే ఉంటది."

మహిపాల్ బస్తాలు ఎక్కించడం ఆపమని హమాలీలకు కేకవేశాడు. యాకయ్యకు ఫోను చేశాడు. ఆ తర్వాత ముసలాయన మోకాళ్లను తాకబోతే ఆయన జరిగి తప్పించుకున్నాడు.

"ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో గూడ చెప్తనంటివి గదన్నా," అంది పూలమ్మ.

కొమురెల్లి వేలిని మరొకసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "పద్దెనిమిది వేల నాలుగు వందలు."

మహిపాల్ పైకెక్కి, నూనె పోసిననాడు తలుపు మీద రాసుకున్న అంకెను మీటరుతో సరిచూశాడు. దిగివచ్చి ఆయన బొటనవేలు వైపే చూశాడు.

"ఎనభై కిలోమీటర్లు తక్కువ చెప్పినవ్ కాకా."

"గా మీటర్ జర చూపిచ్చుకో బిడ్డా," అన్నాడు కొమురెల్లి, వేలిని లుంగీకి తుడుచుకుంటూ.