కత్తెర బావ యజమానితనం

ఏంటే, ఉద్యోగి అంటే ఎవరో తేల్చడానికి నీ లా పుస్తకంలో అన్ని పేజీలా? మా కత్తెర బావ ఉంటేనా, రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. అదేనే, మా అక్క మొగుడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. చొక్కాల కంపెనీలో గుడ్డ కత్తిరించేవాడు, నేను పక్క మిషను మీద కాలర్లు కుట్టేవాణ్ణి. మా కంపెనీలో ఉద్యోగులే లేరు, తెలుసా? అందరం భాగస్వాములమే. చేరినరోజే కాయితం మీద సంతకం పెట్టించుకునేవాళ్ళు, ఎవరికి వాళ్ళే యజమాని అని. యజమానులం కాబట్టి సెలవుల్లేవు, దెబ్బ తగిలితే అడిగే దిక్కు లేదు. అబ్బో, ఏం వైభోగంలే. అంతమంది యజమానులకీ కలిపి బాత్రూముకి ఒకటే చెక్క బిళ్ళ. అది మేనేజరు వెనక మేకుకి వేలాడేది. చెయ్యెత్తి "సార్, బిళ్ళ" అనాలి. ఆయన గడియారం చూసి "రెండు నిమిషాలు" అంటే అప్పుడు పరిగెత్తాలి.

ఏం చెప్తున్నా? ఆఁ, బావ వేళ్ళు. కటింగ్ మిషన్లో కుడిచేతివి రెండు పోయాయి. కంపెనీ ఇక రావద్దంది. మా అక్క నోరు ఊరుకుంటుందా, "యజమాని గారూ, ఖాళీయే కదా, కాస్త ఇల్లు ఊడవండి" అనేది. ఆయనకి మాత్రం పని లేకపోతే పిచ్చెక్కేలా ఉండేది. వెళ్ళి లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాడు. "కత్తెర పట్టలేను, నిజమే. చొక్కాలు చూసి ముద్ర వేస్తాను, నన్ను పనిలోకి తీసుకోమనండి" అని, అంతే. విచారణ రోజున కంపెనీ లాయరు లేచి, "అయ్యా, ఈయన స్వతంత్రుడు. రావాలనుంటే వస్తారు, లేకపోతే మానేస్తారు. ఈయన్ని తీసెయ్యడానికి మేమెవరం?" అని గంటసేపు వాయించాడు. బావకేమో షుగరు, ఎంతసేపని ఆగుతాడు పాపం. లేచాడు. ఎదురుగా ఆఫీసరున్నాడన్న ధ్యాసే లేదు. ఆ కట్టు కట్టిన చెయ్యే ఎత్తి, లాయరు పక్కన కూచున్న మా మేనేజరు వైపు తిరిగి, "సార్, బిళ్ళ" అన్నాడు. మా మేనేజరు మహానుభావుడేం తక్కువా? గడియారం చూసుకుని, "రెండు నిమిషాలు, తొందరగా రా" అనేశాడు. లాయరు మొహం చూడాలి అప్పుడు. ఆఫీసరు కళ్ళజోడు సవరించుకుని, "స్వతంత్రుడు వచ్చేలోపు ఆ బిళ్ళ సంగతేంటో చెప్పండి" అన్నాడు.

గెలిచాడే, గెలవకేం. కంపెనీకి బుద్ధొచ్చిందనుకున్నావా? బిళ్ళ పీకేసి మా చేత ఇంకో కాయితం రాయించుకుంది, ఇన్నేళ్ళూ మా ఇష్టం కొద్దీ బిళ్ళ అడిగాం, మమ్మల్నెవరూ అడగమన్లేదు అని. ఇక చూడు, హాలు నిండా యజమానులు, మధ్యలో మా బావ ఒక్కడే ఉద్యోగి. మధ్యాహ్నం నా పక్కన కూచుని, "నువ్వూ ఒక అర్జీ పెట్టరా, నేనొచ్చి సాక్ష్యం చెప్తా" అన్నాడు. ఆ కొత్త కాయితం మీద మొదటి సంతకం నాదే. ఆ సంగతి బావకి తెలుసు. తెలిసే అడిగాడు. నేనేమన్నానంటే...

ఆ కిటికీ వెయ్యవే, ఎండ మొహాన కొడుతోంది.