సరంగు బావ మూతిగుడ్డ

ఏంటమ్మలూ, పడవ షికారుకా? వెళ్ళు, ఎవరొద్దన్నారు. కాసేపిలా కూర్చుని వెళ్ళు. మా అక్క మొగుడు, సరంగు బావ సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. సరంగంటే పడవ నడిపేవాడేలే. నువ్వు పుట్టకముందే పోయాడు. ఈ గట్టు నించి ఆ గట్టుకి ఇంజను పడవ నడిపేవాడు. జనం కూర్చునే చోట రేకుల కప్పుండేది గానీ, వెనకాల చుక్కాని దగ్గర ఈయన నిలబడే చోట ఏమీ లేదు. పొద్దస్తమానం ఎండే. పైనించి ఒకటి, నీళ్ళలోంచి మొహాన కొట్టేది ఇంకోటి. అక్క టోపీ కొనిస్తే గాలికి పోయిందనేవాడు. పోయింది ఒకటే, మిగతావి ఈయనే ఎక్కడో పారేసుకున్నాడు. "చల్లగా గాలేస్తుంటే ఎండేంటే పిచ్చిదానా" అనేవాడు. అదే మోసం. గాలి తగుల్తుంటే ఒళ్ళు కాలుతున్నట్టు తెలీదు. గొంతు మాత్రం, అబ్బో, గట్టుమీద గేదెలు కూడా తలతిప్పి చూసేవి. ఎవరైనా కాళ్ళు బారజాపుకుంటే, "ఏం పెద్దాయనా, కాళ్ళకి కూడా టిక్కెట్టు కొన్నావా" అనేవాడు. పడవంతా నవ్వు.

ఆఁ, ఏం చెప్తున్నాను... పెదవి. కింది పెదవి మీద పుండు లేచింది. వేడి టీ తాగి నోరు కాల్చుకున్నాననుకున్నాడు. నెలలైనా మానదే. అక్క పోరగా పోరగా ఆస్పత్రికెళ్తే, ఇది క్యాన్సరు, ఇన్నేళ్ళు ఎండలో ఉన్నందుకే వచ్చింది, సగం పెదవి తీసెయ్యాలన్నాడు డాక్టరు. తీసేశారు. ప్రాణం దక్కింది గానీ మూతి ఓ పక్కకి లాక్కుపోయింది. పకారం, మకారం పలికేవి కావు. పడవ అనే మాటే నోటికి రాలేదు, చూడు. "హడవ" అనేవాడు. ఇంక వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు, అంత మాటకారి. అక్క అన్నాళ్ళూ టిక్కెట్లిస్తూ చూసే నేర్చుకుందిగా, తనే చుక్కాని పట్టింది. వెడల్పాటి టోపీ పెట్టి, కళ్ళు మాత్రం కనపడేట్టు దళసరి గుడ్డ చుట్టుకుంది. అడిగినవాళ్ళకల్లా ఎండండీ అని చెప్పేది. కొన్నాళ్ళకి ఆయనకీ అలాగే కట్టి, బతిమాలి తీసుకొచ్చింది. నీకెందుకే ఈ వేషం అంటే నాతో ఏమందో తెలుసా? "ఒక్కరే కట్టుకుంటే రోగం అంటార్రా. ఇద్దరం కట్టుకుంటే ఎండ అంటారు."

వచ్చాడు గానీ నోరు విప్పడు. ఓ రోజు నేనూ పడవలోనే ఉన్నాను. ఎవరో కుర్రకారు, మోటారు బోటు, వెనక్కి తిరిగి కబుర్లు చెప్పుకుంటూ సూటిగా మా మీదకే వస్తున్నారు. అక్క చుక్కాని తిప్పుతోంది, పెద్ద పడవ, ఎక్కడ తిరుగుతుంది? బావ మూతిగుడ్డ లాగేసి ఒక్క కేక పెట్టాడు. అది మాట కాదు, ఉత్త కేక. వాళ్ళు ఉలిక్కిపడి తిప్పుకున్నారు. అందరం నిలువునా తడిసిపోయాం. ఆ తర్వాత చూస్తే, పడవలో జనమంతా ఆయన నోటివంకే చూస్తున్నారు. ఓ ముసలావిడ మాత్రం, "నీ గొంతు విని ఎన్నాళ్ళయింది నాయనా" అంది. బావ మళ్ళీ గుడ్డ కట్టలేదు. మర్నాడూ ఉత్తమొహంతోనే వచ్చాడు, రొమ్ము విరుచుకుని. అక్క ఆ గుడ్డ తెచ్చి చేతిలో పెట్టింది. "సిగ్గు పోయింది గదా, సంతోషం. ఎండ పోలేదు. కట్టుకోండి."

నవ్వి కట్టుకున్నాడు. చాలా ఏళ్ళు బతికాడు ఆ తర్వాత. పోయింది గుండెనొప్పితోలే, దీంతో కాదు. ఆయన పోయాక కూడా అక్క చాన్నాళ్ళు నడిపింది. అదే టోపీ, అదే గుడ్డ. గట్టుమీంచి చూస్తే దూరానికి తెలిసేది కాదు. బావే వస్తున్నాడనుకుని ఎన్నిసార్లు చెయ్యెత్తానో... ఆవిడా ఎత్తేది.

ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా. పడవెక్కేటప్పుడు టోపీ మర్చిపోకు.