పట్టికలో లేని ప్రశ్న

"మా ఇంట్లో ఎవరో దొంగ వైఫై నడుపుతున్నారమ్మా!"

"నమస్కారం సర్, ఇంటర్నెట్ సహాయ కేంద్రం, డెస్కు నలభై రెండు. ఈ సంభాషణ రికార్డు అవుతుంది. మీకు ఏ విధంగా—"

"చెప్పాను కదా, దొంగ వైఫై! పైగా మా పేరే పెట్టుకున్నాడు. మా వైఫై పేరు 'మాదే'. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో చూస్తే రెండు కనిపిస్తున్నాయి. ఒకటి మాదే. రెండోది కూడా మాదే అంటోంది."

"అర్థమైంది సర్. కనెక్షన్ ఎవరి పేరున ఉంది?"

"మా ఆవిడ పేరున."

"మీ పేరు, మీరు చేసే పని చెప్తారా సర్?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా... ఏదో ఆఫీసు. కాగితాలు అటూ ఇటూ జరుపుతుంటాను. 'సంబంధం: భర్త' అని రాసుకో, చాలు. ఇంట్లో కూడా నా హోదా అంతే."

"సరే సర్. ముందుగా రూటర్ ఆపి, ముప్పై సెకన్లు ఆగి—"

"ఆపాను, ఆగాను, వేశాను. రెండోది లైట్ల ప్రశ్న కదా? మూడు పచ్చవి, ఒకటి నారింజ రంగు. మూడోది వైరు. ఊడలేదు, బిగించే ఉంది. నాలుగోది, రూటర్ పక్కన చేపల తొట్టి గానీ మైక్రోవేవ్ గానీ ఉందా అని. లేదు."

"సర్... మీరు మాకు చాలాసార్లు ఫోన్ చేసినట్టున్నారు."

"ఆఁ... ఒకటి రెండుసార్లు. నువ్వు కానివ్వమ్మా, టైము లేదు."

"ఏవండీ! ఎవరితో ఆ కబుర్లు? పది నలభై అయింది!"

"కబుర్లు కాదు టీచరమ్మా, దర్యాప్తు! ఇంటర్నెట్ వాళ్ళతో మాట్లాడుతున్నా."

"దర్యాప్తు సాయంత్రం చేసుకోండి. పదకొండుకి నా పాఠం. మళ్ళీ బొమ్మ ఆగిపోయిందంటే నా ఉద్యోగం గోవిందా!"

"విన్నావా అమ్మా? మా ఆవిడ లెక్కల టీచరు. ఉన్న బడి మూసేశారు. ఆన్‌లైన్ బడి వాళ్ళు ముగ్గురు కూర్చుని ఆవిడ పాఠం పది నిమిషాలు చూసి, తీసుకోవాలో వద్దో చెప్తారు. పోయిన మంగళవారం ఒకసారి చూశారు. వృత్తం గీస్తూ నోరు తెరిచింది, అంతే. బొమ్మ ఆగిపోయింది. నాలుగు నిమిషాలు ముగ్గురూ మా ఆవిడ కొండనాలుక చూశారు."

"స్పీకర్లో నాకన్నీ వినపడుతున్నాయి!"

"ఇవాళ రెండో అవకాశం. ఇదే ఆఖరుది."

"మేడం రూటర్ ఉన్న గదిలోకి వచ్చి చెప్పకూడదా సర్?"

"పాఠం చెప్పే బోర్డు, వెనక గదిలో గోడకి ఉంది. ఊడదు."

"స్క్రూలు విప్పితే?"

"బిగించింది నేను. నేను బిగించినవి రెండే రకాలమ్మా. వెంటనే ఊడేవి, ఎప్పటికీ ఊడనివి. ఇది రెండో రకం."

"పోనీ ఫోన్ డేటా?"

"ఆ గదిలో ఫోన్ మాట్లాడాలంటే నడుం దాకా కిటికీ బయటికి వేలాడాలి. అలా వేలాడుతూ వృత్తం గీయడం కష్టం."

"మరి ఆ రెండో వైఫై... మీకెవరి మీదైనా అనుమానం ఉందా సర్?"

"ఉంది. పై వాటా ఆయన. మెట్ల మీద ఎదురుపడిన ప్రతిసారీ నవ్వుతాడు. కారణం లేకుండా ఎవరైనా నవ్వుతారా? ఫిర్యాదు కూడా రాసి పెట్టుకున్నాను, రెండు పేజీలు. కానీ ఇందాక ఒక భయంకరమైన సంగతి బయటపడింది."

"ఏంటి సర్?"

"ల్యాప్‌టాప్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మెట్ల దగ్గర సిగ్నల్ రెండు గీతలు. వంటింట్లో మూడు. హాల్లో, టీవీ దగ్గరికి వెళ్ళేసరికి మొత్తం నాలుగు! దొంగ పై వాటాలో లేడమ్మా. మా హాల్లోనే ఉన్నాడు!"

"హాల్లోనా సర్?"

"భయపడ్డావా? నేనూ భయపడ్డాను. సోఫా కింద కూడా చూశాను."

"సర్, మిమ్మల్ని ఒకటి అడగాలనుంది. కానీ ఆ ప్రశ్న నా పట్టికలో లేదు."

"పట్టికలో లేనిది అడగకూడదు."

"మీకెలా తెలుసు సర్?"

"అంటే... మామూలుగా అలాగే ఉంటుంది కదా, ఎక్కడైనా."

"అవును సర్. ఏడు ప్రశ్నలే అడగాలి. నాకు ఈ నెలలో ఇప్పటికే రెండు ఎర్రగీతలు పడ్డాయి. పట్టికలో లేనిది అడిగినందుకు ఒకటి. తొమ్మిది నిమిషాలు దాటినందుకు ఇంకోటి. అవతల ఒక ముసలాయన, చెవులు సరిగ్గా వినపడవు. ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. మూడో గీత పడితే ఇంక ఇంటికే."

"ముసలాయన... ఊఁ. మరి అలాంటప్పుడు... నిబంధన నిబంధనే కదమ్మా."

"ఏవండీ, ఇంకా 'కదమ్మా' దగ్గరే ఉన్నారా? ఫోను ఇటివ్వండి. ఇవ్వండంటే! అమ్మాయ్, నేను మాట్లాడుతున్నా. నీకేం అడగాలనుందో అడుగు తల్లీ."

"మేడం, మేము పెట్టిన రూటర్ కాకుండా, మీరు సొంతంగా కొన్న వైఫై పెట్టె ఏదైనా ఉందా ఇంట్లో?"

"ఎందుకు లేదు? తెల్ల డబ్బాలు రెండు. మంగళవారం అలా అయ్యాక, శనివారం ఈయనే కొనుక్కొచ్చారు. మెష్ అట. ఇల్లంతా వల పరిచినట్టు వైఫై వస్తుందన్నారు. అప్పట్నుంచి వంటింట్లో వచ్చేది కూడా పోయింది."

"ఎక్కడ పెట్టారు మేడం?"

"ఒకటి టీవీ పక్కన, మీ రూటర్ వైరు దానికి గుచ్చారు. రెండోది బీరువాలో."

"బీరువాలోనా?"

"ఇనప బీరువాలో. దుప్పట్ల మధ్య. తలుపు సందులోంచి వైరు."

"టీచరమ్మా, ఆ అట్టపెట్టె మీద 'దుమ్ము, ఎండ తగలనివ్వకండి' అని రాసుంది! నేను చదివే చేశాను!"

"మేడం, సర్‌కి ఒక్కసారి ఫోను ఇస్తారా? సర్, ఆ కొత్త డబ్బాలకి ఏ పేరు పెట్టారు?"

"పేరంటే..."

"వైఫై పేరు సర్."

"'మాదే'."

"పాస్‌వర్డ్?"

"పాతదే. లేకపోతే ఫోన్లకీ, టీవీకీ, ప్రింటర్‌కీ, అన్నిటికీ మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టాలి కదా. అన్నీ అవే కలిసిపోతాయని... కొంచెం తెలివిగా ఆలోచించి..."

"మరి మా రూటర్‌లో ఉన్న వైఫై ఆపారా?"

"ఆపాలా?"

"ఉహ్... ఉహ్..."

"నవ్వుతున్నావా అమ్మా?"

"లేదు సర్, దగ్గు. దొంగ ఎవరూ లేరు సర్. ఒక 'మాదే' మా రూటర్‌ది, ఇంకో 'మాదే' మీ డబ్బాలది. రెంటికీ పేరూ, పాస్‌వర్డూ ఒకటే. ల్యాప్‌టాప్‌కి ఏది ఏదో తెలీదు. దూరంగా ఉన్న మా రూటర్‌ని పట్టుకుని వేలాడుతుంది. అది తెగాక కొత్తదాని దగ్గరికి వెళ్తుంది. అది బీరువాలో దుప్పటి కప్పుకుని ఉంటుంది. మళ్ళీ పాతదాని దగ్గరికొస్తుంది. అలా మారిన ప్రతిసారీ మేడం బొమ్మ ఆగిపోతుంది."

"అంటే మూడు రోజులుగా నేను వెతుకుతున్న దొంగ..."

"మీరే అండీ. ఏవండీ, పై వాటా ఆయన మీద రాసిన ఆ రెండు పేజీలు?"

"చింపేస్తున్నాను."

"చిన్న ముక్కలుగా చింపండి."

"సర్, ఇప్పుడు ఒకటే పని. మా రూటర్ వైఫై ఆపేయాలి. ఇంటర్నెట్ వైరులో వస్తూనే ఉంటుంది, మీ డబ్బాలు దాన్ని పంచుతాయి. నేను ఇక్కణ్ణుంచే ఆపగలను. కానీ ఇదీ పట్టికలో లేదు. ఇప్పుడు టింగుమంది కదా, అది ఎనిమిదిన్నర నిమిషాల గంట. 'ఇది బయటి పరికరాల సమస్య, క్షమించండి' అని చెప్పి ఇంక పెట్టేయాలి."

"అవును... పెట్టేయాలి..."

"ఏంటండీ పెట్టేయాలి? మతి ఉండే మాట్లాడుతున్నారా? అమ్మాయ్, ఏ మహానుభావుడమ్మా ఆ గంట కట్టింది?"

"మేం ఆయన్ని 'గడియారం' అంటాం మేడం. ఎవరూ చూడలేదు. బయటి ఆఫీసు నుంచి పని చేస్తాడట. తొమ్మిది నిమిషాలు దాటిన ప్రతి ఫోనూ కూర్చుని వింటాడు. ఎవ్వరితో మాట్లాడడు. ఎర్రగీత గీసి పంపిస్తాడు, అంతే."

"ఇంట్లో వాళ్ళావిడ ఎలా వేగుతోందో పాపం!"

"ఆఁ... వేగుతుందిలే..."

"ఏవండీ, ఏంటలా నీళ్ళు నములుతున్నారు? మా ఆయన్ని చూడమ్మా, ఆఫీసులో ఏం చేస్తారని ఎప్పుడడిగినా 'ఇతరుల పని తేలిక చేస్తాను' అంటారు. ఇంట్లో మాత్రం ఇదీ వరస. టైమెంత? పది యాభై! సరేలే తల్లీ, నీ ఉద్యోగం పోగొట్టుకుని నాది నిలబెట్టమని అడగలేను. పెట్టేయ్. వేలాడుతూనే చెప్తా పాఠం."

"మేడం, ఆగండి."

"ఏంటమ్మా?"

"వైఫై ఆపేశాను."

"అయ్యో పిల్లా!"

"ముందు ఆ బీరువాలోది బయటికి తీయండి. టీవీకీ మీ వెనక గదికీ మధ్యలో, ఎదురుగా ఏమీ అడ్డం లేకుండా పెట్టండి. సర్, మీరు పట్టుకోకండి. మేడంని పట్టుకోనివ్వండి."

"నాకు ఆ మాత్రం గౌరవం చాలమ్మా. స్టూలు పట్టుకోవచ్చా?"

"స్టూలు పట్టుకోండి సర్."

"నడవలో పెట్టేశామమ్మా. ఎర్ర లైటు వెలుగుతోంది."

"రెండు నిమిషాలు ఆగండి."

"ఎర్రగానే ఉంది... ఇంకా ఎర్రగానే ఉంది... టీచరమ్మా, నువ్వెళ్ళి బోర్డు దగ్గర నిలబడు... తెల్లగా మారింది! తెల్ల లైటమ్మా!"

"ల్యాప్‌టాప్‌లో వైఫై ఒకసారి ఆపి మళ్ళీ వేయమనండి. ఎన్ని 'మాదే'లున్నాయి?"

"ఒక్కటే! నాలుగు గీతలు!"

"సర్, ఇంక పెట్టేయనా మరి?"

"వద్దు! పెట్టేయకమ్మా. పాఠం అయ్యేదాకా ఉండు. ఎటూ తొమ్మిది దాటింది కదా... ఉండు. నేను తలుపు సందులోంచి చూసి చెప్తాను."

"నమస్కారమండీ, వినపడుతున్నానా? ఈ రోజు వృత్తం, వ్యాసం గురించి చెప్పుకుందాం..."

"మొదలెట్టింది. ముగ్గురూ కనిపిస్తున్నారు. ఒకాయన కదలట్లేదు... ఆగిపోయాడా? లేదు లేదు, గోక్కున్నాడు. మామూలుగానే ఉన్నాడు."

"మేడం గొంతు బాగా వినపడుతోంది సర్."

"వృత్తం గీస్తోంది... నోరు తెరిచింది... ఇదే, సరిగ్గా ఇక్కడే పోయినసారి... మూసింది! నోరు మూసిందమ్మా! ఇరవై ఏళ్ళ కాపురంలో ఆవిడ నోరు మూసినందుకు ఇంత సంతోషపడటం ఇదే మొదటిసారి!"

"నెమ్మదిగా సర్, లోపలికి వినపడుతుంది."

"ఇప్పుడు వ్యాసం... ఏదో అడుగుతున్నారు... నవ్వుతున్నారు. ముగ్గురూ నవ్వుతున్నారు. దేనికి నవ్వుతున్నారంటావ్?"

"కారణం లేకుండా కూడా నవ్వుతారు సర్, కొంతమంది."

"ఏవండీ! ఏవండీ! సోమవారం నుంచి రమ్మన్నారు! ఆ అమ్మాయి ఉందా ఇంకా? ఉంటే చెప్పండి! నేను ముందు మా చెల్లికి ఫోన్ చేసుకోవాలి!"

"విన్నావా అమ్మా?"

"విన్నాను సర్. చాలా సంతోషం. ముప్పై రెండు నిమిషాలైంది. మా కేంద్రంలో ఇంతవరకు ఎవరూ ఇంతసేపు మాట్లాడలేదు. రేపు నాకు టీ కూడా ఇవ్వరు, గీత ఒక్కటే ఇస్తారు."

"ఛ, ఏం కాదమ్మా. నువ్వు మంచి పిల్లవి. అంత ఓపిక ఎవరికుంటుంది? ఆ ముసలాయన ఫోను చివర రాగం తీసి పాట పాడుతుంటే కూడా, మధ్యలో పెట్టేయకుండా, పూర్తయ్యేదాకా విని చప్పట్లు కొట్టావు కదా."

"సర్. ఆయన పాట పాడిన సంగతి నేను మీకు చెప్పలేదు."

"చెప్పలేదా? ఇందాక అన్నట్టు గుర్తు..."

"చెవులు వినపడవని మాత్రమే చెప్పాను. పాట సంగతి మా అమ్మకి కూడా చెప్పలేదు సర్. అది రికార్డింగ్ విన్నవాళ్ళకే తెలుస్తుంది."

"లైను బాలేదమ్మా... సరిగ్గా వినపడట్లేదు..."

"మీ లైను అద్భుతంగా ఉంది సర్. నా స్క్రీన్ మీద కనిపిస్తోంది. మొదటి ప్రశ్న నుంచి నాలుగో ప్రశ్న దాకా వరసగా ఎలా చెప్పారు మీరు? పట్టికలో లేనిది అడగకూడదని ఎలా తెలుసు? ఎవరు సర్ మీరు?"

"... మా ఆవిడ వంటింట్లో ఉందిలే. చెప్తాను. ఆ గడియారం నేనేనమ్మా. నీ రెండు గీతలూ నా చేత్తో గీసినవే, ఈ పూటే రెండూ కొట్టేస్తాను. మూడోది నా పేరు పక్కన గీసుకుంటాను. ఇంకో సంగతి కూడా ఒప్పేసుకుంటా, ఎలాగూ రికార్డవుతోంది. నువ్వు చేరకముందు ఆ పట్టికలో ఎనిమిది ప్రశ్నలుండేవి. నువ్విందాక మా ఆవిడని అడిగావే, 'సొంతంగా కొన్న పెట్టె ఉందా' అని, అదే ఎనిమిదోది. ఒక్కో ఫోనుకి నలభై సెకన్లు మిగులుతాయని దాన్ని కొట్టేసింది నేను. 'ఇంట్లో ఒక వైఫై ఉండగా ఇంకోటి కొని, దానికీ అదే పేరు పెట్టేంత బుర్రలేనివాడు ఈ లోకంలో ఉండడు' అని పక్కన కారణం రాసి, కింద సంతకం పెట్టిందీ నేనే."