ఆ ఊపిరి నాది కాదు

చాల్లేరా, ఆ డ్రమ్ముకి మరలు బిగించింది! అరగంట నుంచీ చూస్తున్నాను, అదే మర తిప్పుతున్నావు. కోపమైతే నన్ను తిట్టు. అక్కనే కదా, పడతాను.

తిట్టవు. అదే నీతో వచ్చిన చిక్కు.

నీకు తెలుసని నాకు తెలుసు. నీకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆ రోజు నా పాట క్లాసులో సాంబా దరువు వాయించింది నువ్వే కదా! నేనేమో ఎప్పటిలాగే ఊదరగొడుతున్నాను. 'జాజ్ అంటే బట్టీపట్టింది అప్పజెప్పడం కాదమ్మా, అప్పటికప్పుడు పుట్టాలి. పెద్ద డ్రమ్ము రెండో దెబ్బ బరువుగా పడుతుంది చూడండి, దాని నెత్తికెక్కకండి, పక్కనుంచి జారండి. ఒకసారి పాడింది మళ్ళీ పాడారో, నా క్లాసులోంచి బయటికే!' ఏం కబుర్లురా నావి!

అప్పుడు కదూ మిషనమ్మాయి వంతు వచ్చింది. బట్టలు కుట్టే చోటు నుంచి జడలో దారప్పోగులతోనే వచ్చేస్తుందే, ఆ పిల్ల. మాటల్లేకుండా ఆ దబదబ, దుబిదుబి ఎత్తుకుందా, మధ్యలో ఊపిరి చాల్లేదు. హుఁ అని పీల్చి, దెబ్బ దాటిపోయాక అందుకుంది. గొంతు మూడు మెట్లెక్కి, ఒక్కసారిగా కిందికి జారింది. తప్పేరా అది! కానీ నా ఒళ్ళు ఝల్లుమంది. ఇరవై ఏళ్ళుగా పాడుతున్నాను, నా గొంతులో అలాంటిది ఒక్కటి పుట్టలేదు.

'బాగుందమ్మా, కూర్చో' అన్నాను. అంతే అన్నాను. ఇంటికొచ్చి వంటింటి తలుపేసుకుని పదిసార్లు పాడుకున్నాను.

తర్వాత కచేరీలో ఏం చేశానో చూశావుగా. ఆ 'హుఁ'తో సహా దించేశాను. ఊపిరి కూడా దొంగిలిస్తారా ఎవరైనా? జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నువ్వు నా వైపు తిరగనైనా లేదు. కుట్టుపని ఉండి ఆ పిల్ల రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. అవును, అనుకున్నాను!

ఇవాళ జాజ్ బృందం ఎంపికలో ఆ పిల్ల మళ్ళీ అదే పాడుతుందని కలగన్నానా? బృందంలో ఉన్నది ఒక్కటే చోటు. ఆ చోటు దొరికితే మిషను వదిలేసి పాటే పనిగా బతకొచ్చు. పాపం, బెదిరిపోయింది పిల్ల. భయమేస్తే ఎవరైనా సొంతింటికే పరిగెడతారు. అదీ తన ఆ ముక్కలోకే పరిగెత్తింది.

ఎంపిక చేయడానికి నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని, 'ఇది మీ టీచరుగారు కచేరీలో పాడిందే కదమ్మా! మరి నీ సొంతం ఏదీ?' అన్నాడు. పిల్ల నా వంక చూసింది. నువ్వూ చూశావు. నీ చేతిలో కర్ర జారి కింద పడింది.

నేనేం చేశాను? గ్లాసెత్తి నీళ్ళు తాగాను. దాహమేం లేదురా నాకు.

రేపు పొద్దున పేర్లు గోడకి అంటిస్తారు. పెద్దాయన నంబరు ఇదిగో, ఫోన్లోనే ఉంది. మూడుసార్లు తీశాను, మూడుసార్లూ ఫోను పక్కన పెట్టేశాను. ఏమని చెప్పను? ఇంత పేరున్న టీచరు, శిష్యురాలి నోట్లోది లాక్కుందనా? రేపట్నుంచి నా క్లాసు గడప ఎవరు తొక్కుతారు? సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా వేలు కదలడం లేదు.

అలా చూడకు. ఇంకోటుంది. అది నీకు తెలీదు.

అంతా అయ్యాక బయట మెట్ల దగ్గర ఆ పిల్ల నాకోసం నిలబడింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. తిడుతుందేమో, నాలుగు మాటలు అనేస్తే బాగుండు అనుకున్నాను. 'టీచర్, మీరు క్లాసులో పాడగా విని ఉంటాను. పిచ్చిదాన్ని, నాదే అనుకున్నాను. మీది ఎత్తుకున్నానని తెలిసి సిగ్గుగా ఉంది. క్షమించండి' అంది.

క్షమించానురా. తల మీద చెయ్యేసి మరీ, 'పర్వాలేదులేమ్మా, మొదట్లో అందరికీ జరిగేదే' అన్నాను.