ఏ కల్?

సికింద్రాబాద్, బన్సీలాల్‌పేట్. మే నెల, సోమవారం, మధ్యాహ్నం మూడు దాటింది. మూడు రోజులుగా గోడలకు చెప్పుకుంటున్నట్టు మాట్లాడుకుంటున్న అత్తాకోడళ్లు రుఖియా, షిరీన్ ఇవాళ ఫోను పుణ్యమా అని ఒకే మంచం మీద కూర్చున్నారు. స్పీకర్లో అవతల, శ్రీశైలం రోడ్డు పక్క అడవి మొదట్లో, షిరీన్ భర్త ముజీబ్ స్నేహితుడు తిరుమల్.

"...అది గాదు భాభీ, జెర ఆగు. ఆ మెసేజ్ మళ్లొక్కసారి సదువు. ఉన్నది ఉన్నట్టు సదువు."

"ఎన్నిసార్లు సదవాలె తిరుమల్ భాయ్? మూడే ముక్కలు. 'కల్ పె హూఁ.' గంతే."

"ముందల, ఎన్క ఏం లేదా?"

"లేదు."

"ఎన్నింటికొచ్చింది?"

"నిన్న. పన్నెండు గొట్టి పది నిమిషాలకు."

"నిన్న పన్నెండుకొస్తే నాకు ఇయాల పొద్దుగాల చెప్తవా భాభీ!"

"నాకేమెర్క? కల్ పె అంటే రేపటి మీద ఏసిండనుకున్న. వచ్చుడు రేపటికి పడ్డది, గదే చెప్తుండనుకున్న. ఒళ్లు మండి ఫోన్ పక్కన పడేసిన. రాత్రంత తిట్టుకుంట పండుకున్న."

"'కల్ పె హూఁ' అంటే కల్ మీద ఉన్న అని. కల్ అన్న జాగల ఉన్న అని."

"కల్ అన్న జాగ ఏందీ? ఊరా?"

"ఊరు గాదు. వాని చేతిల జీపీఎస్ డబ్బా ఉంటది సూడు, పసుపుపచ్చది..."

"ఉంటది, ఉంటది. చోర్ బజార్ల కొన్నది. నా మొఖం కన్న దాని మొఖమే ఎక్కువ చూస్తడు."

"అండ్ల జాగలకు పేర్లు పెట్టుకోవచ్చు. పేరు మీద ఒత్తితే బాణం గుర్తొచ్చి అటు చూపిస్తది, ఎంత దూరమో చెప్తది. అడవిల తొవ్వ ఉండది గదా, మేం దాన్ని పట్టుకునే నడుస్తం. కానీ పేరు కొట్టుడే తక్లీఫ్. ఒక్కో అక్షరానికి పదిసార్లు బటన్ ఒత్తాలె. అందుకే ముజీబ్ గాని పేర్లన్ని పొట్టివే. బండి పెట్టిన కాడ 'గాడీ'. నీళ్లున్న కాడ 'పానీ'. గట్లనే 'కల్'. మేం మాట్లాడుకున్నది సుత గదే: ఎవనికన్న ఏమన్న అయితే జాగ పేరు పంపాలె, ఆడికెళ్లి కదలొద్దు."

"అంటే ఆయనకు ఏమో అయింది."

"అట్లని గాదు..."

"అట్లనే గదా చెప్తున్నవ్. కదలలేకనే పంపిండు."

"బండి రోడ్డు మీదనే ఉన్నది భాభీ. చూసిన. సీటు మీద దుమ్ము సుత పోలే."

"అయితే ఆ బాణం పట్టుకొని పో భాయ్. నీ దగ్గర సుత డబ్బా ఉన్నది గదా. నన్ను అడుగుడెందుకు, ఇంక కూసునుడెందుకు?"

"అడుగుడెందుకంటే... కల్‌లు రెండున్నయి."

"రెండేంది?"

"పోయిన నెల మేమిద్దరం వచ్చినం గదా. రాత్రి వాగు పక్కన పండుకున్నం. తెల్లారి ఆడికెళ్లి కదిలేటప్పుడు, నిన్న పండుకున్న జాగ అని దానికి కల్ అని పెట్టిండు. మళ్ల ఎదురుంగ దూరాన పెద్ద గుట్ట చూపించి, రేపు అటెక్కుదాం అని దానికి సుత కల్ అనే పెట్టిండు. నేను నవ్విన. అరే, నిన్న సుత కల్, రేపు సుత కల్ ఆయె, ఎట్ల తెలుస్తదిరా అంటే, 'ఉర్దూల అంతేరా, మనిషికి తెలుస్తది' అన్నడు."

"మనిషికి తెలుస్తదా."

"గట్లనే అన్నడు. ఆ రేపు మేం పోనేలే. వాన పట్టుకుంది, వాపస్ వచ్చినం. రెండు పేర్లు నా డబ్బాల సుత అట్లనే ఉన్నయి."

"తిరుమల్, నేను రుఖియాను మాట్లాడుతున్న బేటా. ఆ రెండు జాగలు దగ్గర దగ్గరనేనా?"

"గదే పరేషాన్ అమ్మీ. ఒకటి తూర్పుకు, ఒకటి పడమటికి. ఏ దిక్కు పోయినా ఇక్కడికెళ్లి మూడు గంటల నడక."

"చెరో దిక్కు ఇద్దరిద్దరు పోరాదా?"

"ఉన్నదే నలుగురం. నేను, ఫారెస్ట్ వాచర్ దుర్గేష్, ఊరోళ్లు ఇద్దరు. వాడు నడవలేకుంటే దుప్పటి జోలె గట్టి మోయాలె, దానికే నలుగురు గావాలె. ఎలుగుబంట్లు తిరుగుతున్నయి, ఇద్దరిద్దరిని పంపనంటున్నడు దుర్గేష్. ఏడింటికి చీకటైతది. ఇయాల ఒక్క దిక్కే."

"ఇయాల దొరకకుంటే రేపు రెండో దిక్కు పోతరు, గంతే గదా భాయ్?"

"పోతం. కానీ రేపటిదాక..."

"రేపటిదాక ఏందీ?"

"ఏం లేదు."

"చెప్పు భాయ్."

"నీళ్లు భాభీ. పోయిన నెల గుట్ట కింద చెలమల నీళ్లుండెనంట, వాగుల సుత జెరంత ఉండె. ఇప్పుడు రెండూ ఎండినయంట. వాడు ఎన్ని సీసాలు పట్టుకపోయిండు?"

"మూడు."

"శనివారం పొద్దుగాలనా?"

"ఆఁ. ఫ్రిజ్‌ల పెట్టి నేనే ఇచ్చిన."

"దుర్గేష్, నీళ్లు ఇంకిన్ని నింపు."

"భాయ్? ఉన్నవా?"

"ఉన్న, ఉన్న."

"పోలీసోళ్లకు టవర్ల మీద తెలుస్తదంట గదా, ఫోన్ ఏడున్నదో?"

"చూసిన్రు. ఆ అడవంతటికి ఒక్కటే టవర్. ఫోన్ నిన్నటి సంది బంద్."

"మరి ఆ డబ్బా? అది ఆకాశంల ఉపగ్రహాలతోని మాట్లాడ్తదంట గదా. గన్ని ఉపగ్రహాలకు ఎర్కనాయె ఆయన ఏడున్నడో. ఒక్కటన్న చెప్పదా?"

"అవి చెప్తయి, డబ్బా ఇంటది. గంతే. డబ్బా మళ్ల ఎవ్వరికీ చెప్పది. పట్టుకున్నోనికే చెప్తది."

"థూ. అదేం చదువు, అదేం మిషిను."

"భాభీ, ఒక్క మాట అడుగుత. మెసేజ్ పోయిందంటే ఆ టైంల సిగ్నల్ ఉన్నట్టే. ఫోన్ ఎందుకు చెయ్యలే? నీకు చేసిండా?"

"లేదు."

"ఒక్కసారి సుత?"

"లేదన్న గదా."

"నాకు సుత చెయ్యలే. నాకు చెప్పకుంట ఒక్కడే పోయిండు గదా, మొఖం చెల్లలేదేమో. కానీ నీకన్న చెయ్యాలె గదా, మనిషి పడిపోతే మొదలు..."

"చేసిండు."

"ఆఁ?"

"చేసిండు భాయ్. మూడుసార్లు చేసిండు. కట్ చేసిన. మూడుసార్లు కట్ చేసిన."

"అయ్యో భాభీ..."

"బొల్లారంల కిరాయి ఇల్లు చూడనీకె పోవాలె నిన్న. ఇల్లుగలామె నాలుగింటికి రమ్మన్నది. పగటాల్లకు వచ్చేస్త అన్నడు. పన్నెండైనా రాలే. ఇగ గిప్పుడు సాకులు చెప్తడని ఎత్తలే. అలగ్, వేరుగ ఉందామన్నది నేనే. అత్తమ్మ ముందలనే చెప్తున్న, నాకేం దాపరికం లేదు. ఎత్తితే ఏ కల్లో చెప్తుండె. ఒక్క మాట. ఒక్క మాటనే గదా భాయ్."

"షిరీన్, ఏడువకు."

"ఏడుస్తలేను అత్తమ్మా."

"భాభీ, దుర్గేష్ తొందర పెడుతుండు. పోయింది పోయింది. వాడు నీతోని ఏమని చెప్పి పోయిండు? ప్లాన్ ఏంది?"

"శనివారం పోత, ఒక్క రాత్రి పండుకుంట, ఆదివారం పగటాల్లకు ఇంట్ల ఉంట. గదే. నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు."

"అంటే గుట్టెక్కే ప్లాన్ లేదు."

"ఒక్క రాత్రికి పోయినోడు గుట్టెట్ల ఎక్కుతడు?"

"ఎక్కుతడేమో."

"ఏందత్తమ్మా?"

"ఏం లేదు. అంత దూరం పోయినంక ఎదురుంగ గుట్ట కనబడ్తే ఎక్కబుద్ధి కాదా అంటున్న."

"నాకు మాటిచ్చిండు."

"ఇచ్చిండు లే. నేను కాదంటున్ననా?"

"మరి?"

"తిరుమల్, గుట్ట దిక్కే పోతే ఏమైతది బేటా?"

"వాడు వాగు కాడుంటే ఇయాల రాత్రి సుత నీళ్లు లేకుంట ఉంటడమ్మీ."

"మరి వాగు దిక్కు పోతే, వాడు గుట్ట మీదుంటే?"

"అప్పుడు సుత గంతే."

"అత్తమ్మా, మీకేమన్న ఎర్క ఉంటే చెప్పుండ్రి."

"నాకేమెర్క ఉంటది? నాతోని ఎవరు చెప్తరు ఈ ఇంట్ల? బొల్లారంల ఇల్లు చూస్తున్నరని పాలోడు చెప్తే తెలిసె నాకు."

"గదిప్పుడు తీస్తరా? ఆయన ఆడ పడి ఉంటే?"

"తీసింది నువ్వు. నేనా తీసింది?"

"నేను తప్పు ఒప్పుకుంట చెప్పిన. మీరేమో పొడుస్తున్నరు. నేను ఎడ్డెమంటే మీరు తెడ్డెమంటరు. నేను వాగంటే మీకు గుట్ట గావాలె."

"భాభీ! అమ్మీ! చేతులు జోడిస్త, మీ లొల్లి తర్వాత. నాకు ఒక్క మాట గావాలె. నిన్ననా, రేపా?"

"నువ్వేమనుకుంటున్నవ్ భాయ్?"

"నాకు సగం సగం. ఆ గుట్ట ఎక్కలేదని నెల సంది గులుగుతుండె వాడు. కానీ నీకు ఒట్టేసిండంటున్నవ్. నాకేం అర్థమైతలేదు. ఇంట్ల నీతోని కల్ అంటే ఏమంటడు? ఎక్కువ ఏది?"

"నాతోని తెలుగుల్నే మాట్లాడ్తడు. నిన్నంటే నిన్న, రేపంటే రేపు. కల్ అనేది అత్తమ్మతోనే."

"మరి నీకు ఉర్దూల ఎందుకు పెట్టిండు?"

"నొప్పిలున్నోనికి తల్లి మాటే వస్తది భాయ్."

"అమ్మీ, నువ్వు చెప్పు. నీతోని కల్ అంటే ఏ కల్?"

"నాతోనా... వాడు కల్ అంటే నేను మొఖం చూసి తెలుసుకుంట బేటా. మొఖం చూడకుంటే ఎట్ల చెప్త?"

"వాగే."

"భాభీ?"

"వాగు దిక్కు పోండ్రి. నిన్నటి కల్. వాపస్ వస్తుండె ఆయన. వస్తుంటే ఏ బండల్లనో కాలు మడతపడి ఉంటది, రాత్రి పండుకున్న కాడికే పోయి కూసుని ఉంటడు. బొల్లారం పోవాలె గదా. ఇంటికే వస్తుండె."

"పక్కానా?"

"పక్కా."

"మళ్లొకసారి సోంచాయించు. తర్వాత మార్చనీకె ఉండది."

"సోంచాయించిన. ఆయన తిక్కోడు గానీ అబద్ధాలోడు గాదు. నన్ను కాదని ముందుకు పోడు. అంత ఎర్క లేకుంటనే ఎనిమిదేండ్లు కాపురం చేసిననా?"

"సరే భాభీ. నీకన్న ఎక్కువ ఎవరికెర్క? బయలెల్లుతున్నం. లోపలికి పోయినంక సిగ్నల్ ఉండది. చీకట్ల మోసుకొచ్చుడు కాదు, రాత్రి ఆడనే ఉంటం. రేపు పొద్దుగాల రోడ్డెక్కినంకనే ఫోన్."

"తిరుమల్, బేటా, జెర ఆగు..."

"ఏందమ్మీ? జల్ది చెప్పు."

"ఏం లేదు. నీళ్లు ఎక్కువ పట్టుకపో."

"పదిహేను లీటర్లు పట్టుకున్నం. ఉంట మరి."

"భాయ్, భాయ్! దొరకంగనే చెప్పు, నేను కోపంల లేనని. మొదలు గదే చెప్పు."

"చెప్త భాభీ."

ఫోను పెట్టేసి ముప్పావుగంట గడిచింది. షిరీన్‌కు కాలు గాలిన పిల్లిలా ఆ గదిలో తిరగడం తప్ప చేసేందుకేమీ లేకపోయింది.

"చాయ్ పెడుతున్న. తాగుతరా అత్తమ్మా?"

"వద్దు."

"పొద్దుటి సంది ఏం ముట్టలే మీరు."

"నువ్వు ముట్టినవా?"

"నాకు సయిస్తలేదు. ఇప్పటికి సగం తొవ్వ పోయి ఉంటరా?"

"ఏమో."

"ఇందాక ఏదో అన్న, మనసుల పెట్టుకోకుండ్రి. ఆయన రానీ. ఇల్లు సంగతి తర్వాత చూద్దాం. అసలు వద్దు. ఈడనే ఉందాం అందరం. నేను తప్పు చెప్పలే గద అత్తమ్మా?"

"తిరుమల్‌కు ఒకసారి ఫోన్ కలుపు."

"కలవదు. చెప్పిండు గదా."

"కలుపు బేటీ. ఒక్కసారి."

"అందుబాటుల లేదంటుంది. ఎందుకు?"

"మళ్ల కలుపు."

"రెండుసార్లు కలిపిన. కలుస్తలేదు అత్తమ్మా."

"ఆ వాచర్ నంబర్ లేదా?"

"ఆయన సుత వాళ్లతోనే పోయిండు గదా. ఏమైందో చెప్పుండ్రి ముందు."

"చెప్దామనుకున్న. నువ్వు పక్కా అన్నవ్. ఇంటికే వస్తుండె అన్నవ్. నీ మొఖం చూసి మాట మార్చిన."

"ఏం మాట?"

"నాలుగు రోజులు కనబడకుంట పోతే ఆ బొల్లారం ఇల్లు వేరేటోళ్లు తీసుకుంటరు, ఇంట్ల లొల్లి చల్లబడ్తది అని... నేనే అన్న వానితోని. కోడలికి ఒక్క రాత్రే అని చెప్పు, తర్వాత నేను చూసుకుంట అని నేనే అన్న."

"ఏమంటున్నరు మీరు?"

"ఆదివారం వచ్చేటోడే కాదు బేటీ వాడు. గురువారం దాక సెలవు పెట్టిండు. ఈసారి గుట్టెక్కాల్సిందే అంటే, ఖర్జూరాలు, సత్తుపిండి ఐదు రోజులకు నేనే కట్టిచ్చిన."