పాత తొట్టిలో కొర్రమీను

యానాంలో ఆదివారం పొద్దున్న, వరండాలో కత్తిపీటా బూడిదా ముందేసుకుని కూర్చున్న ఆవిడ మొగుణ్ణి ఎంతసేపట్నుంచో కేకేస్తోంది.

"ఏవండీ, పాత తొట్టిలో కొర్రమీనుని పట్టుకురండి. పన్నెండుకల్లా అమ్మ దిగుతుంది. పులుసు మరగొద్దూ?"

"పోనీ కోడిగుడ్లు వండకూడదూ?"

"పక్కింట్లో టీవీ కొన్నారని మీరు కాకినాడ వెళ్లి ఇంత పెద్ద అక్వేరియం తెచ్చారు. నేను కాదన్నానా? రంగుచేపలు అందులోకి మారాక, ఖాళీ తొట్టిలో నా కూరచేపని రెండ్రోజులు ఉంచుకుంటానన్నాను, అంతేగా! తెండి."

"దానికి పేరు పెట్టేశానే."

"కూరకి పేరేంటండీ?"

"కోప్పడనంటే చెప్తాను."

"కోప్పడను."

"మాణిక్యాంబ."

ఆవిడ గుప్పిట్లో బూడిద జారిపోయింది.

"మా అమ్మ పేరా?"

"ఒక్కసారి వచ్చి చూడు. నేనేదో తప్పు చేసినట్టే చూస్తుంది. మాటిమాటికీ పైకొచ్చి నోరు తెరుస్తుంది. ఏదో అనబోయి, పోనీలే అని కిందికెళ్లిపోతుంది."

ఆవిడ వెళ్లి చూసింది. చేప పైకొచ్చి నోరు తెరిచింది. కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వాగలేదు, గోడ పట్టుకుని అలాగే కూలబడిపోయింది.

"అమ్మే! అచ్చం అమ్మే!"

"ఇప్పుడు కొయ్యి, చూద్దాం."

"చాల్లెండి! వెళ్లి గుడ్లు తెండి, పరిగెత్తండి!"

మధ్యాహ్నం అమ్మ గుడ్ల పులుసు తిని, పాత తొట్టి మీదికి వంగి చాలాసేపు చూసింది.

"ఇదెక్కడో తెలిసిన మొహంలా ఉందే."

మొగుడూ పెళ్లాలిద్దరూ ఊపిరి బిగబట్టారు.

"ఆఁ, గుర్తొచ్చింది. అచ్చం మీ అత్తగారేనే అమ్మాయ్!"