మూడు మెట్ల ప్రార్థన

మిర్యాలగూడ చర్చిలో ఆదివారం ఆరాధన ముగిసింది. ఎప్పుడూ కీబోర్డు వాయించే అతను ఆలస్యంగా, చివరి ప్రార్థన నడుస్తుండగా వచ్చాడు. అతని బదులు వాయించిన అమ్మాయి ఇంకా కీబోర్డు ముందు నుంచి లేవలేదు.

"పాస్టరయ్య ప్రార్థన చేసినంత సేపు ఆ మూడు మెట్లే నొక్కినవా?"

"మూడే, అన్నా. ముందువెనక మార్చుకుంట వాయించిన."

"గదేం వాయించుడు? ఇంటి బెల్లు కొట్టినట్టుంది. నిన్న కోదాడ పెండ్లిల నా వేళ్లు సూసి జనం నోరు తెరిచిండ్రు."

"పెండ్లిల తెరవనీ. గీడ ప్రార్థన."

"అయితే?"

"నువ్వు వాయిస్తే సగం మంది కండ్లు తెరిచి నీ వేళ్లే సూస్తరు. ఇయ్యాల కూసున్నోళ్లు ఎవ్వరు తెర్వలే."

"ప్రార్థనల కండ్లు తెరిచి మందిని సూసుకుంట కూసున్నవా?"

"మెట్లు కనబడాలె గద, అన్నా. తలెత్తి సూస్తే, తలుపుకాడ తెరిచి ఉన్నయి నీ కండ్లే."